పీహెచ్‌డీ తర్వాత ప్రభుత్వ ల్యాబుల్లో పోస్ట్‌డాక్: కొలతల శాస్త్రం, మెటీరియల్స్ వైపు దారులు

ప్రశ్న అడిగిన తమ్ముడు హనుమకొండలో ఉంటాడు. కాకతీయ యూనివర్సిటీలో ఫిజిక్స్ పీహెచ్‌డీ చేశాడు, టాపిక్ థర్మోఎలక్ట్రిక్ ఆక్సైడ్లు, అంటే వేడి తేడా నుంచి కరెంటు పుట్టించే పదార్థాలు. వైవా అయిపోయింది. ప్రస్తుతం ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్. అమెరికా జాతీయ కొలతల సంస్థ ఎన్‌ఐఎస్‌టీలో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత కొంతకాలం చేసే పరిశోధన) ఫెలోషిప్ గురించి చదివాడట. "అన్నా, స్టేట్ యూనివర్సిటీ పీహెచ్‌డీతో ప్రభుత్వ ల్యాబుల్లో తీసుకుంటారా? మెట్రాలజీ (కొలతల శాస్త్రం) వైపు వెళ్తే భవిష్యత్తు ఉంటుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగాడు.

తమ్ముడూ, ముందు సూటిగా జవాబు చెప్తాను. తీసుకుంటారు. ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ (ఎన్‌పీఎల్), హైదరాబాద్‌లోని మెటీరియల్స్ పరిశోధన కేంద్రం ఏఆర్‌సీఐ, ఈ రెండు చోట్లా నీ సబ్జెక్టుకు నేరుగా సంబంధం ఉన్న పని ఉంది. అక్కడి నుంచి మొదలుపెట్టు. విదేశాలకు వెళ్లాలనుంటే జర్మనీ, జపాన్ దారులు నీకు దగ్గరవి. నువ్వు చూసిన ఎన్‌ఐఎస్‌టీ ఫెలోషిప్ మాత్రం అమెరికా పౌరులకే. అక్కడి నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ ద్వారా నడిచే ఆ పోస్ట్‌డాక్ చాలా మంచిదే, కానీ అర్హతల్లో మొదటి షరతే పౌరసత్వం. దాని కోసం ప్రపోజల్ రాస్తూ కూర్చుంటే ఇక్కడి నోటిఫికేషన్లు చేజారతాయి. మనవాళ్లు చాలామంది ఆ ఒక్క లైను చదవకుండానే నెలలు గడిపేస్తున్నారు, అందుకే పైనే చెప్తున్నాను.

నా సంగతి ఒక్క ముక్కలో. నేనూ వరంగల్‌లోనే పీహెచ్‌డీ చేశాను. తర్వాత ఒక ప్రభుత్వ ల్యాబులో రీసెర్చ్ అసోసియేట్‌గా, ఆపైన విదేశంలో ఒక కొలతల సంస్థలో పనిచేశాను. ఇప్పుడు మెటీరియల్స్ కొలతల పనిలోనే ఉన్నాను, రీసెర్చ్ అసోసియేట్ ఇంటర్వ్యూ బోర్డుల్లో కూర్చుంటాను. బోర్డు అవతల ఏం జరుగుతుందో చూసినవాడిగా చెప్తున్నాను.

యూనివర్సిటీ పేరు గురించి. షార్ట్‌లిస్ట్ దశలో పేరు కొంత పనిచేస్తుంది, లేదని అనను. కానీ ఇంటర్వ్యూ గదిలోకి వచ్చాక, అందులోనూ కొలతల ల్యాబులో, నీ డేటా గురించి నీకు ఎంత తెలుసన్నదే చూస్తారు. పెద్ద సంస్థ నుంచి, మంచి జర్నళ్లలో పేపర్లతో వచ్చినవాళ్లు కూడా ఒక మామూలు ప్రశ్న దగ్గర ఆగిపోవడం నేను మళ్లీ మళ్లీ చూశాను. "నీ సీబెక్ కోయెఫిషియెంట్ (డిగ్రీ వేడి తేడాకు పుట్టే వోల్టేజీ) 150 మైక్రోవోల్ట్ పర్ కెల్విన్ అని రాశావు. ప్లస్ ఆర్ మైనస్ ఎంత?" అంతే ప్రశ్న. జవాబు రాదు. "మెషిన్ ఇచ్చిన విలువ సార్" అంటారు. బోర్డులో ఉన్నవాళ్లు పెన్ను కింద పెట్టేస్తారు.

ఇంత చిన్న ప్రశ్నకు అంత విలువ ఎందుకంటే, ఆ ల్యాబుల పనే అది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చిన రైతును తలుచుకో. తేమ 8 శాతం లోపు ఉంటే కేంద్ర పత్తి సంస్థ సీసీఐ పూర్తి మద్దతు ధర ఇస్తుంది. 8 నుంచి 12 మధ్య ఉంటే కోత పడుతుంది. 12 దాటితే కొనదు. ఆ అంకె చెప్పేది చేతిలో పట్టుకునే చిన్న మీటరు. అది పత్తి విద్యుత్ నిరోధాన్ని కొలిచి తేమగా మార్చి చూపిస్తుంది. పత్తిని ఎంత గట్టిగా నొక్కారు, ఎండ ఎంత ఉంది, మీటరును చివరిసారి ఎప్పుడు క్యాలిబ్రేట్ చేశారు అన్నదాన్ని బట్టి రీడింగ్ మారుతుంది. ఓవెన్‌లో ఆరబెట్టి తూకం వేసే పద్ధతితో దాన్ని సరిచూడాలి. ఆ తూకం రాళ్లను అంతకన్నా మేలైన రాళ్లతో సరిచూడాలి. అలా పైకి పోతే ఆ గొలుసు ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ దగ్గర, అక్కడి నుంచి అంతర్జాతీయ ప్రమాణాల దగ్గర ముగుస్తుంది. దీన్నే ట్రేసబిలిటీ అంటారు. గొలుసులో ఒక్కో మెట్టు దిగేకొద్దీ అనిశ్చితి కొంత పెరుగుతుంది. అది ఎంతో లెక్కగట్టి చెప్పడమే మెట్రాలజిస్టు పని. 11.8 అని చూపించిన మీటరుకు ఒక శాతం అటూ ఇటూ తేడా ఉంటే, ఆ రైతు బండి లోపలికి పోవాలో బయటికి రావాలో ఎవరు చెప్పాలి? ఈ రంగంలో భవిష్యత్తు ఉందా అన్న ప్రశ్నకు నా జవాబు ఇదే. అమ్మకం, ఆరోగ్యం, కరెంటు, కట్టడం, ప్రతిచోటా ఈ మనుషులు కావాలి. మన దగ్గర చాలినంత మంది లేరు.

ఇప్పుడు నీ థీసిస్ విషయానికి వస్తా. థర్మోఎలక్ట్రిక్స్ చదివినవాడికి మెట్రాలజీ కొత్త సబ్జెక్టు కానే కాదు, నువ్వు ఇప్పటికే అందులో ఉన్నావు. పదార్థం ఎంత బాగా పనిచేస్తుందో చెప్పే జడ్‌టీ విలువ ఎలా వస్తుంది? సీబెక్ కోయెఫిషియెంట్ వర్గాన్ని విద్యుత్ వాహకతతో, ఉష్ణోగ్రతతో గుణించి, ఉష్ణ వాహకతతో భాగిస్తాం. సీబెక్‌లో 5 శాతం తేడా ఉంటే వర్గంలో 10 శాతం అవుతుంది. ఉష్ణ వాహకతను లేజర్ ఫ్లాష్‌తో తీస్తే అది నేరుగా వచ్చేది కాదు. డిఫ్యూజివిటీ (వేడి ఎంత త్వరగా వ్యాపిస్తుందో), ఉష్ణధారణ, సాంద్రత మూడూ విడివిడిగా కొలిచి గుణించాలి. మూడింటి తప్పులూ అందులోకి వచ్చి చేరతాయి. అమెరికాలోని ఓక్ రిడ్జ్ ల్యాబు ఆధ్వర్యంలో ఒకే శాంపిళ్లను వేర్వేరు దేశాల ల్యాబులకు తిప్పి కొలిపించినప్పుడు, ఉష్ణధారణ కొలత దగ్గర ల్యాబుల మధ్య తేడాలు బాగా బయటపడ్డాయి. కాబట్టి "జడ్‌టీ 0.42 నుంచి 0.45కి పెరిగింది" అని ఎవరైనా పేపర్ రాస్తే, ఆ పెరుగుదల నిజమా, కొలతలో తేడానా అని అడగాల్సిందే. ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే ఒక పోస్ట్‌డాక్ ప్రపోజల్ అవుతుంది.

ఇంకొకటి, ఎక్స్‌ఆర్‌డీ, అంటే ఎక్స్‌రేలతో స్ఫటికాల నిర్మాణం చూడటం. మన దగ్గర మెటీరియల్స్ థీసిస్‌లలో చాలావాటిలో షెరర్ ఫార్ములాతో క్రిస్టలైట్ (చిన్న స్ఫటికం) సైజు లెక్కగడతారు. పీక్ వెడల్పులో యంత్రం సొంత వాటా ఎంతో తీసేయకపోతే ఆ సైజుకు అర్థం లేదు. దాని కోసమే ఎన్‌ఐఎస్‌టీ వాళ్ల ప్రామాణిక పదార్థం (ఎస్‌ఆర్‌ఎం) 660 శ్రేణి లాంథనం హెక్సాబొరైడ్ పొడి వాడతారు. పీక్ స్థానం సరిచూడటానికి ఎస్‌ఆర్‌ఎం 640 శ్రేణి సిలికాన్ పొడి. సీబెక్‌కు తక్కువ ఉష్ణోగ్రతల్లో ఎస్‌ఆర్‌ఎం 3451, అది బిస్మత్ టెల్యురైడ్. నీ థీసిస్‌లో ఇవి వాడకపోయినా ఫర్వాలేదు. ఇవి ఏమిటో, ఎందుకో చెప్పగలిగితే చాలు, బోర్డు ముఖం మారుతుంది. మన దేశంలో ఇలాంటి ప్రామాణిక పదార్థాలను భారతీయ నిర్దేశక్ ద్రవ్య అనే పేరుతో తెస్తున్నారు. 2019లో వచ్చిన స్వచ్ఛమైన బంగారం ప్రమాణం బీఎన్‌డీ 4201 తయారీలో ముంబై టంకశాల, బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం), ఎన్‌పీఎల్‌తో పాటు హైదరాబాద్‌లోని ఎన్‌సీసీసీఎం పాత్ర కూడా ఉంది. ఆ ల్యాబు పేరు మన పిల్లల్లో ఎక్కువమందికి తెలియదు. పదార్థాల్లో అతి సూక్ష్మంగా ఉండే మలినాలు ఎంత ఉన్నాయో తేల్చే పని వాళ్లది. కెమిస్ట్రీ నేపథ్యం ఉన్న నీ స్నేహితులు ఉంటే చెప్పు.

ఇక దారులు. మన దేశంలో ముఖ్యంగా మూడు.

మొదటిది సీఎస్‌ఐఆర్ (కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి) రీసెర్చ్ అసోసియేట్‌షిప్. సీఎస్‌ఐఆర్ మానవ వనరుల విభాగానికి అప్లై చేస్తావు, ప్రపోజల్, ఇంటర్వ్యూ ఉంటాయి. వయసు 35 లోపు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మహిళలకు సడలింపు ఉంటుంది. 2023 సవరణ తర్వాత నెలకు మొదటి స్థాయిలో 58,000, పై స్థాయిల్లో 61,000, 67,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం వేరు. ఎన్‌పీఎల్‌తో పాటు జంషెడ్‌పూర్ నేషనల్ మెటలర్జికల్ లాబొరేటరీ, కోల్‌కతా గాజు, సెరామిక్ సంస్థ కూడా సీఎస్‌ఐఆర్‌వే. ఆక్సైడ్ సెరామిక్స్ చేసినవాడివి, కోల్‌కతాను మర్చిపోకు.

రెండోది నేషనల్ పోస్ట్‌డాక్టొరల్ ఫెలోషిప్. ఇంతకుముందు కేంద్ర పరిశోధన నిధుల బోర్డు ఎస్‌ఈఆర్‌బీ ఇచ్చేది, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన ఏఎన్‌ఆర్‌ఎఫ్ చూస్తోంది. రెండేళ్లు. వయసు 35, సడలింపులు ఇక్కడా ఉన్నాయి. జీతంతో పాటు ఏడాదికి 2 లక్షల రీసెర్చ్ గ్రాంట్ నీ పేరు మీద వస్తుంది. ఆ గ్రాంటును చిన్నచూపు చూడకు. రిఫరెన్స్ మెటీరియల్ కొనాలన్నా, శాంపిల్ ఇంకో ల్యాబుకు పంపాలన్నా ఎవరినీ బతిమాలాల్సిన పని ఉండదు. దీనికి మెంటర్ ఒప్పుకోవాలి. నీ గైడ్ దగ్గరే, నీ పాత డిపార్ట్‌మెంట్‌లోనే ఉండిపోదామని ఆలోచించకు. కొత్త చోటికి వెళ్లడమే దీని ఉద్దేశం.

మూడోది ల్యాబులు నేరుగా వేసే ప్రకటనలు. ఏఆర్‌సీఐ, హైదరాబాద్‌లోని రక్షణ లోహాల ల్యాబు డీఎంఆర్‌ఎల్, డీఆర్‌డీఓ ఇతర ల్యాబులు, కల్పాక్కం అణు పరిశోధన కేంద్రం ఐజీకార్. బార్క్‌లో అయితే కె.ఎస్. కృష్ణన్ పేరుతో ప్రత్యేకంగా రీసెర్చ్ అసోసియేట్‌షిప్ ఉంది. ఆయన ఎన్‌పీఎల్ మొదటి డైరెక్టర్. ఈ ప్రకటనలు ఎప్పుడు వస్తాయో చెప్పలేం. గడువు తక్కువ ఉంటుంది, కొన్ని వాక్-ఇన్. వారానికి ఒకసారి ఆ సంస్థల వెబ్‌సైట్లు నువ్వే తెరిచి చూడాలి. వాట్సాప్ గ్రూపులో వచ్చేసరికి తేదీ అయిపోతుంది. ఏఆర్‌సీఐకి హైదరాబాద్ బాలాపూర్‌లో ప్రధాన కేంద్రం, చెన్నైలో వాహనాలకు పనికొచ్చే ఎనర్జీ మెటీరియల్స్ కేంద్రం ఉన్నాయి. నీ టాపిక్‌కు చెన్నైది దగ్గర.

రక్షణ ల్యాబుల గురించి ఒక జాగ్రత్త. డీఎంఆర్‌ఎల్ లాంటి చోట నేర్చుకునేది చాలా గొప్పగా ఉంటుంది. కానీ అక్కడ చేసిన పనంతా పేపర్‌గా రాదు. రాసేదానికి అనుమతి కావాలి. తర్వాత యూనివర్సిటీ పోస్టుకు పోవాలని మనసులో ఉంటే, చేరేముందే మీ సైంటిస్టును "ఈ పనిలో ఏ భాగం పబ్లిష్ చేయవచ్చు" అని అడుగు. అడగడం తప్పు కాదు, వాళ్లూ తప్పుగా అనుకోరు.

విదేశాల సంగతి. జర్మనీలో జాతీయ కొలతల సంస్థ పీటీబీ ఉంది, బ్రౌన్‌ష్వైగ్, బెర్లిన్ నగరాల్లో. 1887లో మొదలైన సంస్థ. సీబెక్ కొలతకు అధిక ఉష్ణోగ్రతల్లో పనికొచ్చే రిఫరెన్స్ మెటీరియల్స్ మీద వాళ్లు జర్మనీ అంతరిక్ష సంస్థ డీఎల్‌ఆర్‌తో కలిసి పనిచేశారు. అంటే నీ థీసిస్ చదివి అర్థం చేసుకునేవాళ్లు అక్కడ ఉన్నారు. అక్కడికి హంబోల్ట్ ఫెలోషిప్‌తో వెళ్లవచ్చు. పీహెచ్‌డీ అయ్యాక నాలుగేళ్ల లోపు అప్లై చేయాలి. జపాన్‌లో త్సుకుబా నగరంలో మెటీరియల్స్‌కు నిమ్స్, కొలతలకు ఎన్‌ఎంఐజే ఒకే ఊర్లో ఉన్నాయి. అక్కడికి వెళ్లడానికి ఉన్న జేఎస్‌పీఎస్ ఫెలోషిప్‌కు పీహెచ్‌డీ తర్వాత ఆరేళ్ల గడువు, ఏడాది నుంచి రెండేళ్ల కాలం. దరఖాస్తు వేసేది అక్కడి హోస్ట్ (నిన్ను తన దగ్గర చేర్చుకునే సైంటిస్టు), నువ్వు కాదు. అందుకే హోస్ట్‌తో పరిచయం చాలా ముందే కావాలి. కొరియాలో డేజాన్‌లోని కొలతల సంస్థ క్రిస్ కూడా చూడు. అమెరికానే కావాలంటే ఎనర్జీ డిపార్ట్‌మెంట్ కింద ఉన్న ఆర్గాన్, ఓక్ రిడ్జ్, ఏమ్స్ లాంటి ల్యాబులు విదేశీయులను పోస్ట్‌డాక్‌లుగా తీసుకుంటాయి. ప్రతి ప్రకటనలో పౌరసత్వం షరతు ఉందో లేదో మొదట అది చదువు.

అన్నింటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది హోస్ట్ సైంటిస్టుకు రాసే మొదటి మెయిల్ మీద. నాకు వచ్చే మెయిళ్లలో చాలావరకు "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ మచ్ ఇంట్రెస్టెడ్ ఇన్ యువర్ ఎస్టీమ్డ్ ల్యాబ్" అనే మొదలవుతాయి. అదే మెయిల్ ఇంకో యాభై మందికి వెళ్లిందని చూడగానే తెలిసిపోతుంది. తెరిచి చదవాలని మనసున్నా ఏం చదవాలి అందులో?

ఒకమ్మాయి రాసిన మెయిల్ నాకు బాగా గుర్తుంది. కరీంనగర్ వైపు అమ్మాయి, ఫెర్రైట్ల మీద పీహెచ్‌డీ, మా రంగంలో అనుభవం ఏమీ లేదు. మేం అచ్చువేసిన ఒక పేపర్ తీసుకుని, అందులో సాంద్రత కొలతకు మేం ఇచ్చిన అనిశ్చితిని తన శాంపిళ్లకు లెక్కగట్టి చూసింది. ఆర్కిమిడీస్ పద్ధతిలో నీటి ఉష్ణోగ్రత, శాంపిల్ రంధ్రాల్లో చిక్కిన గాలి, తక్కెడ రిజల్యూషన్, ఈ మూడింటిలో తన దగ్గర ఏది ఎక్కువ తేడా తెస్తోందో ఒక చిన్న పట్టికగా పంపింది. చివర ఒక్క ప్రశ్న: "రంధ్రాల వల్ల వచ్చే తేడాను మీరు ఎలా తగ్గించారు?" ఆ సాయంత్రమే ఆమెకు ఫోన్ చేశాను. ఆమె యూనివర్సిటీ ఏదని అడగడం నాకు గుర్తే రాలేదు. ఇప్పుడు ఆమె ఒక క్యాలిబ్రేషన్ ల్యాబులో టెక్నికల్ బాధ్యతలు చూస్తోంది.

నువ్వు కూడా అదే చెయ్యి. నీ థీసిస్‌లో ఒక్క కొలత తీసుకుని దానికి పూర్తి అనిశ్చితి లెక్క తయారుచెయ్యి. గమ్ అనే అంతర్జాతీయ గైడ్ ఉచితంగా దొరుకుతుంది, అంతర్జాతీయ కొలతల బ్యూరో బీఐపీఎం వెబ్‌సైట్‌లో ఉంది. మళ్లీ మళ్లీ కొలిచి గణాంకాలతో తేల్చేది టైప్ ఏ, క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్, పరికరం స్పెసిఫికేషన్ లాంటి ఇతర సమాచారంతో తేల్చేది టైప్ బీ. సీబెక్ అయితే థర్మోకపుల్ శాంపిల్‌ను సరిగ్గా తాకిందా, థర్మోకపుల్ తీగే వేడిని లాగేస్తోందా, వోల్టేజీని, ఉష్ణోగ్రతను ఒకే బిందువు దగ్గర కొలుస్తున్నామా, ఇవన్నీ టైప్ బీ కిందికి వస్తాయి. అన్నీ కలిపి కవరేజ్ ఫ్యాక్టర్ 2తో, అంటే కలిపిన అనిశ్చితిని రెండింతలు చేసి, చివరి విలువ రాయి. ఒక్క పేజీ చాలు. గైడ్ దగ్గరికి వెళ్లి పాత ముడి డేటా అడుగు, ల్యాబ్ నోట్‌బుక్ తెరువు. వీలైతే ఎన్‌ఐటీకి వెళ్లి అక్కడి పరికరంలో అదే శాంపిల్ ఒకసారి కొలిపించి పోల్చు. ఊళ్లోనే ఉంది, రుసుము కట్టి చేయించుకోవచ్చేమో కనుక్కో. రెండు పరికరాలు వేర్వేరు విలువలు ఇస్తే కంగారు పడకు, నీకు మంచి విషయం దొరికినట్టే.

ఇంటర్వ్యూలో ఇంకా ఏం అడుగుతారు? 2019 మే 20 నుంచి కిలోగ్రామ్ నిర్వచనం ఎందుకు మారింది అన్నది మామూలుగా వచ్చే ప్రశ్న. పారిస్ దగ్గర దాచిన ప్లాటినం ఇరిడియం దిమ్మెకు బదులు ప్లాంక్ స్థిరాంకం వచ్చింది. అంతవరకు అందరూ చెప్తారు. దిమ్మె, దాని నకళ్ల మధ్య ఏళ్లు గడిచేకొద్దీ మైక్రోగ్రాముల్లో తేడాలు కనిపించాయని, కిబుల్ బ్యాలెన్స్ అనే తక్కెడ యాంత్రిక పవర్‌ను విద్యుత్ పవర్‌తో పోల్చి ద్రవ్యరాశిని ఇస్తుందని చెప్పగలిగితే నువ్వు చదివి వచ్చినట్టు. రిపీటబిలిటీకి, రీప్రొడ్యూసిబిలిటీకి తేడా అడుగుతారు. తెలియనిది అడిగితే "తెలియదు సార్, కానీ ఇలా మొదలుపెట్టి ఆలోచిస్తాను" అను. ఇంగ్లిష్ గురించి టెన్షన్ వద్దు, నిదానంగా చెప్పినా వింటారు.

వయసు లెక్క మాత్రం ఇప్పుడే వేసుకో. పోస్ట్‌డాక్‌లకు 35 అన్నా, సీఎస్‌ఐఆర్‌లో శాశ్వత సైంటిస్ట్ పోస్టుకు మొదటి మెట్టులో సాధారణ వయోపరిమితి 32. రిజర్వేషన్ సడలింపు నీకు ఎంత వర్తిస్తుందో చూసుకో. ఒక పోస్ట్‌డాక్ తర్వాత ఇంకో పోస్ట్‌డాక్ అంటూ పోతే ఆ తలుపు మూసుకుపోతుంది. శాశ్వత పోస్టు రాకపోతే ఏంటి అని నీ ప్రశ్నలో రాయలేదు కానీ, ఇంట్లోవాళ్లు అడుగుతూనే ఉంటారు. ఐఎస్ఓ 17025 (ల్యాబుల నాణ్యత) ప్రమాణం, ఎన్ఏబీఎల్ (ల్యాబులను పరిశీలించే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న టెస్టింగ్, క్యాలిబ్రేషన్ ల్యాబులకు అనిశ్చితి లెక్క వచ్చినవాళ్లు కావాలి. ఈ పని నేర్చుకున్నవాడు ఖాళీగా ఉండటం నేనైతే చూడలేదు.

డబ్బు విషయం కూడా చెప్పాలి. ఫెలోషిప్ మొదటి విడత ఆలస్యం కావడం సాధారణం. ఢిల్లీ లాంటి చోట అడ్వాన్సు, అద్దె, తిండికి రెండు మూడు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని బయల్దేరు. గెస్ట్ లెక్చరర్ పని ఆఫర్ లెటర్ చేతికి వచ్చేదాకా మానకు. సెమిస్టర్ మధ్యలో వెళ్లాల్సి రావచ్చని ప్రిన్సిపల్‌కు ముందే చెప్పి ఉంచు, పిల్లల సిలబస్ ఆగదు.

చివరిగా కాగితాలు. వైవా అయిందన్నావు, ప్రొవిజనల్ సర్టిఫికెట్ తీసుకున్నావా? నోటిఫికేషన్ వచ్చాక ఎగ్జామినేషన్ బ్రాంచ్ చుట్టూ తిరిగితే గడువు దాటిపోతుంది. హంబోల్ట్ నాలుగేళ్లు, జేఎస్‌పీఎస్ ఆరేళ్లు కూడా డిగ్రీ తేదీని బట్టే చూస్తారు, కాబట్టి దాని మీద ఏ తేదీ వేశారో జాగ్రత్తగా చూసుకో. కుల ధ్రువీకరణ పత్రం కేంద్ర ప్రభుత్వ ఫార్మాట్‌లో కావాలి, రాష్ట్రానిది పెడితే చాలాచోట్ల తిప్పి పంపుతారు. దానికి మీసేవలో ఈ వారమే అప్లై చెయ్యి. ఆ ఒక్క పేజీ అనిశ్చితి లెక్క తయారయ్యాక ఇక్కడే పెట్టు, హోస్ట్‌కు పంపేముందు నేను చదివి ఎక్కడ సరిచేయాలో చెప్తాను.